సమాధానం బండ

పోయిన నెల కర్నూలులో ఒక డాక్టరమ్మ నా చేతికి బీపీ పట్టీ చుట్టి మీట నొక్కింది. ఆ యంత్రం కుయ్యిమన్నాక ముందు దాని ముఖం చూసి, తర్వాత నా ముఖం చూసింది. చిన్న వయసు అమ్మాయి. నా దగ్గర తెలుగు పాఠాలు విని పారిపోయిన పిల్లల్లో ఎవరికో ఒకరికి కూతురయి ఉంటుంది. "మనసులో ఏమైనా పెట్టుకుని బాధపడుతున్నారా మేడమ్?" అని అడిగింది. అటువంటిదేమీ లేదన్నాను. మరోసారి చూద్దామని మళ్లీ మీట నొక్కి, ఇంట్లో ఎవరెవరున్నారని మాటల్లో పెట్టింది. మా ఆయన పోయిన సంగతి, నంద్యాలలో ఉన్న మా అమ్మాయి సంగతి చెప్పి, బేతంచెర్లలో ఒక తమ్ముడున్నాడని అన్నానో లేదో, ఆ యంత్రం మళ్లీ కుయ్యిమంది. మొదటిసారి కన్నా ఎక్కువ చూపించింది. డాక్టరమ్మ ఒక మాత్ర రాసి, దాంతోపాటు అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. పొద్దున్నే నడవాలట. ఊపిరి నిండా తీసి మెల్లగా వదలాలట. ఉప్పు తగ్గించాలట. వారానికొక రోజు పనులన్నీ పక్కనపెట్టి విశ్రాంతి తీసుకోవాలట. ఇష్టముంటే గొంతెత్తి పాటలు పాడుకోవాలట. అన్నిటికన్నా కింద, కోపంతో నిద్రపోకూడదని ఉంది. అది చదివి నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయి కంగారుపడి మంచినీళ్లు తెప్పించింది. మా నాయనమ్మ, అంటే మా జేజి, ఈ కాగితం చూసి ఉంటే, తన సంగతులన్నీ ఎవరో దొంగిలించి అచ్చేయించుకున్నారని ఆసుపత్రి వాకిట్లో నిలబడి తిట్టిపోసేది.

నవ్వు ఆగాక దిగులేసింది. ఎందుకంటే, నాకూ మా తమ్ముడు దానియేలుకూ మాటల్లేక అప్పటికి ఎనిమిది నెలలు. కారణం చెబితే మీకూ నవ్వొస్తుంది. మా పాత ఇంటి నేలలో నాపరాళ్లన్నీ పెరికించి వాడు టైల్స్ వేయించాడు. బేతంచెర్లలో! రాయి తవ్వి, రాయి కోసి, రాయి పాలీషు పట్టి, ఊరూరికీ లారీల మీద రాయి పంపి బతికే ఊళ్లో, జీవితమంతా ఆ పాలీషు ఫ్యాక్టరీలోనే అరగదీసిన మనిషి కొడుకు, ఎక్కడో తయారైన టైల్స్ తెచ్చి ఇంట్లో పరిచాడు. అదీ ఓర్చుకునేదాన్నే. వాకిట్లో ఉండాల్సిన మా జేజి బండ కనబడలేదు. వాడి కొత్త కోడలు కాఫీ తెచ్చి నిలబడి ఉండగానే, "జేజిని రెండోసారి మట్టి చేసినావు కదరా" అనేశాను. వాడు ఊరుకున్నాడా? "నువ్వు మాత్రం కర్నూల్లో టైల్స్ మీదనే కదక్కా నడుస్తాండేది" అన్నాడు. అది నిజం కావడంతో నాకు ఇంకా మండింది. కాఫీ ముట్టకుండా బస్సెక్కేశాను.

ఆ బండ సంగతి చెప్పాలంటే ముందు మా జేజి సంగతి చెప్పాలి. పేరు ఎస్తేరమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం రైలు కూతకు తీసిపోదు. ఈ ఒళ్లు మనది కాదు, దేవుడు ఉండమని ఇచ్చిన ఇల్లు అని ఆమె నమ్మకం. "ఇచ్చినాయప్ప ఏదో ఒకనాడు వచ్చి చూస్తాడు. గోడలు పడగొట్టి, కప్పు కారబెట్టి చూపిస్తామా? ఎప్పటికప్పుడు సున్నం కొట్టుకుంటా ఉండల్ల" అనేది. ఆమె భక్తి ఎక్కడ అయిపోయేదో, వైద్యం ఎక్కడ మొదలయ్యేదో ఎవరికీ తెలిసేది కాదు. తెల్లవారకముందే లేచి, మేం గుడి అని పిలిచే చర్చి దాకా నడిచి, గుడి చుట్టూ ఏడుసార్లు తిరిగి, ఒక్కో చుట్టులో వీధిలోని ఒక్కో ఇంటి కోసం ప్రార్థన చేసుకునేది. అది ప్రార్థనో, మోకాళ్లు పట్టేయకుండా చేసే కసరత్తో అడిగితే, "రెండూ ఒకే చెప్పుల్తో అయిపోతాండాయి కదా, నీకేం నొప్పి?" అనేది. శుక్రవారం ఉపవాసం. మధ్యాహ్నం ప్రార్థన కూటం అయ్యేదాకా పచ్చి గంగ ముట్టేది కాదు. కూటం అయ్యాక రాగిసంగటి ముద్దలు ఎన్ని తినేదో చెప్పడం పెద్దల పట్ల మర్యాద కాదు.

మా ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ నమ్మేవాళ్లు కాదు. జేజి అన్నిటికీ పాటలతో లెక్క కట్టేది. పల్లవి, రెండు చరణాలు పాడితే గుడ్డు ఉడికినట్టు. నాలుగు చరణాలకు కషాయం దిగినట్టు. మాకు జలుబు చేసిందంటే వావిలాకు మరిగించి, గిన్నె ముందర కూర్చోబెట్టి, మీద కంబళి కప్పి, ఆరు చరణాల పాట ఒకటి ఎత్తుకునేది. చరణం చరణానికీ పల్లవి రెండుసార్లు. నచ్చిన చరణమైతే కళ్లు మూసుకుని అది కూడా రెండుసార్లు. లోపల తమ్ముడూ నేనూ ఉడికిపోతూ, "జేజీ, మూడో చరణం ఇంతకుముందే అయిపోయె" అని కేకలు పెట్టేవాళ్లం. "కొవ్వెక్కినోళ్లకు అది ఇంగోసారి పడల్ల" అని బయటినుంచి జవాబు వచ్చేది. నా పిల్లకాలంలో నేను నేర్చుకున్న ఆత్మసంబంధమైన సంగతుల్లో సగం ఆ కంబళి కిందే నేర్చుకున్నాను. ఓర్పు అందులో మొదటిది.

ఆదివారం పొయ్యి వెలిగేది కాదు. శనివారం సాయంత్రమే అమ్మా జేజీ కలిసి జొన్నరొట్టెలు కాల్చి, చెనిక్కాయల ఊరిమిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరిపెట్టేవాళ్లు. గుడి నుంచి వచ్చి అవి తిన్నాక నిద్ర. ఇష్టమైతే పోవచ్చు, లేకపోతే లేదు అనే నిద్ర కాదు, ఆజ్ఞ. వారమంతా రాతిపొడి మింగి, కనురెప్పలు కూడా తెల్లబడి ఇంటికొచ్చే మా నాయనకు ఆ ఆజ్ఞ ప్రాణం. పడుకున్న నిమిషానికి గురక పెట్టేవాడు. మాకు మాత్రం అది నరకం. మూడు గంటల దాకా చాప మీద కట్టెల్లా పడి ఉండాలి. కదిలితే జేజి కళ్లు తెరవకుండానే చీపురు తిరగేసేది. విశ్రాంతి కోసం మనుషుల్ని కొట్టిన మనిషిని నేను ఆమె తర్వాత మళ్లీ చూడలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బండ ఒక ఎత్తు. మా ఇల్లు పడమటి ముఖం. వాకిలి పక్కన ఇద్దరు కూర్చునేంత నాపరాతి బండ ఒకటి రెండు దిమ్మెల మీద ఉండేది. ఫ్యాక్టరీలో పాలీషు పడుతుండగా మూల విరిగిందని పక్కన పారేస్తే నాయన తెచ్చుకున్నాడు. జేజి దానికి సమాధానం బండ అని పేరు పెట్టింది; సమాధానపడడమంటే మా గుడి భాషలో కోపాలు మాని కలిసిపోవడం. కోపం పొద్దు గూకేలోపల దిగిపోవాలన్నది ఆమె నమ్మిన బైబిలు వాక్యం. దిగకపోతే ఏమవుతుందో వాక్యంలో లేనిది కూడా ఆమె దగ్గరుండేది. "కోపం రేయంతా కడుపులో పండుకుంటే పొద్దున్నకు పులిసిపోతాది. దాంతోనే పైత్యం, దాంతోనే తలనొప్పి, దాంతోనే ఎంటికలు రాలేది" అని తేల్చేది. అందుకని ఇంట్లో ఎవరు కొట్లాడుకున్నా సాయంత్రం అయ్యేసరికి ఆ ఇద్దరూ వెళ్లి బండ మీద పక్కపక్కన కూర్చోవాలి. కలిసిపోయేదాకా లేవకూడదు. ఇందులో కిటుకు ఏమిటంటే, మధ్యాహ్నం నుంచీ పొద్దు ముణిగేదాకా ఎండంతా దాని మీదే పడేది. మే నెలలో బేతంచెర్ల ఎండకు కాగిన రాయి! ఆ మీద కూర్చున్నాక ఎవరిది తప్పు అనే చర్చ ఎంతసేపు సాగుతుంది? "నాదే తప్పు", "లేదు, నాదే" అంటూ ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్లు. చలికాలంలో మాత్రం బండ వెచ్చగా హాయిగా ఉండి, కొట్లాటలు వారాల తరబడి సాగేవి. జేజి దీన్ని గమనించి, చలికాలంలో మనుషుల మనసులు గట్టిపడతాయని కనిపెట్టింది.

ఆ బండకు వీధిలో కూడా పేరొచ్చింది. వీధి చివర అంగడి పెట్టుకున్న సుబ్బయ్యశెట్టి ఒకరోజు సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని, చంకలో చాప పెట్టుకుని వచ్చాడు. "ఎస్తేరమ్మక్కా, మేము మీ గుడోళ్లం కాదు. అయినా ఒక్కసారి కూచోవచ్చా?" అని అడిగాడు. జేజి ఆయన చంకవైపు చూసి, "కూచోవచ్చు శెట్టీ. అయితే చాప పరిస్తే పనిచేయదు" అంది. శెట్టి తెల్లపంచెతోనే కూర్చున్నాడు. ఆ దంపతులకు పట్టిన సమయం పల్లవి, ఒక చరణం.

తమ్ముడూ నేనూ ఈ చట్టంలో ఒక సందు కనిపెట్టాం. పొద్దు గూకకముందు కోపం దిగాలి, సరే. పొద్దు గూకాక వచ్చిన కోపానికి? దానికి మర్నాడు సాయంత్రం దాకా గడువుంటుంది కదా. అందుకని పగలంతా పళ్లు బిగబట్టుకుని, ఎర్రమల కొండల వెనకాల పొద్దు అలా దిగడం ఆలస్యం, జుట్లు పట్టుకునేవాళ్లం. రోజూ సరిగ్గా దీపాలు పెట్టే వేళకే మా ఇంట్లో యుద్ధం ఎందుకు మొదలవుతుందో మా అమ్మకు ఏళ్ల తరబడి అర్థం కాలేదు.

ఇంత చట్టం చేసిన జేజి తను మాత్రం ఒక కోపాన్ని మూడేళ్లుగా దాచుకుని ఉంది. ఆమెకు ఒక చెల్లెలు, పేరు రూతమ్మ, ఎర్రగుంట్లలో కాపురం. మాకు చిన్న జేజి. మా అత్త పెళ్లిలో పాట ఎత్తే వంతు చిన్న జేజికి వచ్చింది. ఆమె దాన్ని మిద్దెకెక్కినంత పై శ్రుతిలో ఎత్తింది. ఎప్పుడూ అందరికన్నా ముందుండే మా జేజి గొంతు ఆ మెట్టు అందుకోబోయి, పల్లవి నడుమ కోడిపుంజు గొంతులా చీలిపోయింది. హార్మోనియం వాయించే ఆయన నవ్వాడు. పెండ్లికొడుకు నవ్వాడు. ఆఖరికి పెళ్లి చేయాల్సిన అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. "జేజీ, మరి నువ్వూ చిన్న జేజీ బండ మీద కూచోవల్ల కదా" అని తమ్ముడు ఒకసారి అడిగాడు. "అది కోపం కాదబ్బీ, దూరం. ఆయమ్మ ఎర్రగుంట్లలో ఉండాది, బండ ఈడ ఉండాది. నేనేం చేసేది?" అంది జేజి.

ఒక శుక్రవారం ఉపవాసం మీద ఉండగా బోరింగు దగ్గర ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. నాయన ఆసుపత్రికి తీసుకుపోతే మేమిద్దరం వెంటబడ్డాం. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు పట్టీ చుట్టి, బుడ్డి పిసికి, నిలువు గాజుగొట్టంలో పాదరసం పైకి పోవడం చూసి, బీపీ ఉందన్నాడు. జేజికి అవమానమైంది. పొద్దున నడక, శుక్రవారం ఉపవాసం, ఆదివారం నిద్ర, వావిలాకు ఆవిరి, అన్నీ వరసగా చెప్పి, "ఇన్ని చేస్తాంటే నాకెట్ల వస్తాది? నీ బుడ్డి సరిగా లేదేమో చూసుకో నాయనా" అంది. డాక్టరు నవ్వి, మళ్లీ పట్టీ బిగిస్తూ, తోబుట్టువులకు ఎవరికైనా ఉందా అని అడిగాడు. "ఎర్రగుంట్లలో మా చిన్నమ్మ ఉండాది సార్, రూతమ్మని" అన్నాడు నాయన. ఈసారి పాదరసం ఇంకా పైన ఆగింది. డాక్టరు చూశాడు, నాయన చూశాడు, మేమిద్దరం కూడా చూశాం. "ఎవరమ్మా ఈ రూతమ్మ?" అన్నాడు డాక్టరు. జేజి గోడవైపు చూసింది.

రోజూ మాత్ర మింగాలి, ఉప్పు తగ్గించాలి, ఒట్టి కడుపుతో ఉండకూడదు, ఆమెతో ఒకసారి మాట్లాడితే మంచిది అని డాక్టరు చెప్పాడు. "మాత్ర మింగుతా. ఉప్పు తగ్గిస్తా. ఉపవాసం సంగతి అయ్యగారిని అడుగుతా. నాలుగోది వైద్యం కాదు నాయనా, అది మా ఇంటి సంగతి" అని లేచింది జేజి. మేం బయటికి వస్తుండగా డాక్టరు నాయనను ఆపి, ఇది ఇలాగే ఉంటే ఏదో ఒక రోజు కాలూ చెయ్యీ పడిపోవచ్చనీ, అంతకన్నా ఎక్కువ కూడా జరగవచ్చనీ మెల్లగా చెప్పాడు. నేను విన్నాను. ఇంటికెళ్లాక తమ్ముడు, "జేజి సచ్చిపోతాదా అక్కా?" అని అడిగాడు. నేను వాడిని కొట్టాను. భయమేస్తే నాకు అప్పట్లో తెలిసిన పని అదొక్కటే.

జేజి మాట నిలబెట్టుకుంది. ఉప్పు తగ్గించడం కాదు, ఇంటికే ఉప్పు రాకుండా చేసింది. తనకు లేనిది ఇంకెవరికీ ఉండకూడదని ఆమె న్యాయం. నాయన చొక్కా జేబులో పొట్లం కట్టుకుని ఉప్పు తిప్పేవాడు. సంగటి తినేటప్పుడు జేబులోకి చేయి పెట్టి, గుండె మీద చేయి వేసుకున్నట్టు నటించేవాడు. "వానికి భక్తి ఎక్కువైతాంది" అని జేజి సంతోషపడేది. ఇంత చేసినా తర్వాతి వారం పాదరసం దిగలేదు. చిన్న జేజి మాట మాత్రం ఎవరూ ఎత్తడానికి లేదు.

అప్పుడు తమ్ముడు ఒక ఉపాయం చెప్పాడు. బండ ఎర్రగుంట్లకు పోదు కాబట్టి, చిన్న జేజినే బండ దగ్గరికి తెప్పిద్దామన్నాడు. పోస్టు కార్డు తెచ్చుకున్నాం. వాడు చెప్పాడు, నేను బడిలో నేర్పినట్టు రాశాను. ఇప్పటికీ ఒక్క అక్షరం మరిచిపోలేదు. "చిన్న జేజికి వందనాలు. ఇక్కడ మేమందరము క్షేమము. జేజికి బీపీ వచ్చినది. నీ పేరు చెప్పితే పాదరసము పైకి పోవుచున్నది. డాక్టరు గారు కూడా చూసినారు. కావున నీవు తప్పక వచ్చి దింపవలెను." అందరమూ క్షేమమని రాసి, వెంటనే బీపీ అని రాయడంలో తప్పేమీ మాకు కనబడలేదు. ఉత్తరాలు అలాగే మొదలుపెట్టాలని మాకు నేర్పారు. ఇంకొక సంగతి కూడా మాకు తట్టలేదు. చిన్న జేజికి చదువు రాదు. పోస్టుమ్యాను దాన్ని వాళ్ల వాకిట్లో నిలబడి గట్టిగా చదివి వినిపించాడు. సాయంత్రానికి వాళ్ల వీధి వీధంతా రూతమ్మ పేరు చెబితే బేతంచెర్లలో ఎవరికో బీపీ పెరుగుతోందని తెలిసిపోయింది.

ఆ వచ్చే ఆదివారం, మేం ఆజ్ఞ ప్రకారం చాప మీద పడి ఉన్న వేళ, మిట్టమధ్యాహ్నం తలుపు దబదబ మోగింది. చిన్న జేజి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బస్సు మారేటప్పుడు బనగానపల్లెలో కొన్న మామిడిపండ్ల గంప. పెళ్లిలో తప్ప ఎప్పుడూ చూడని మనిషి. లోపలికి అడుగు పెట్టకుండానే, "ఏమక్కా, నా పేరు చెప్తే నీకు బీపీ వస్తాదంట? నేనేమన్నా ఉప్పునా?" అంది. జేజి లేచి కూర్చుంది. "ఎవురు చెప్పినారు నీకు?" అని అడిగి, మెల్లగా మా వైపు తిరిగింది. తమ్ముడూ నేనూ ఆ రోజు మొదటిసారి నిజమైన శ్రద్ధతో కళ్లు మూసుకున్నాం. తమ్ముడు గురక కూడా పెట్టాడు.

మేం అనుకున్న కొట్లాట జరగలేదు. జేజి చెల్లెలిని పైనుంచి కిందిదాకా చూసి, "ఈ పొద్దు ఆదివారం. మూడు దాకా పండుకో. తర్వాత కొట్లాడుదాము" అంది. చిన్న జేజి గొడుగు మూలన పెట్టి, అదే చాప మీద అటువైపు తిరిగి పడుకుంది. ఇద్దరు ముసలివాళ్లు వీపులు ఆనించుకుని పడుకుని, ఇద్దరూ నిద్రపోకుండా, పోతున్నట్టు ఊపిరి తీస్తూ మూడు దాకా గడిపారు. లేచాక రొట్టెలు తిన్నారు. మామిడిపండ్లు తిన్నారు. ఒక్కమాట లేదు. సాయంత్రమైంది. నాయన గొంతు సవరించుకుని, నేల చూస్తూ, "అమ్మా, బండ" అన్నాడు. తల్లితో అంత ధైర్యంగా నాయన మాట్లాడడం నేను అదే మొదట, అదే చివర చూశాను. జేజి చెంగు దులిపి, వెళ్లి బండ మీద కూర్చుంది. చిన్న జేజి పక్కన కూర్చుంది.

మే నెల. ఆ బండ ఎంత కాలుతుందో మాకు తెలుసు. చిన్న జేజికి తెలియదు. కూర్చోగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి, కానీ జేజి కదలడం లేదని చూసి తనూ కదల్లేదు. ఆమె కదల్లేదని జేజీ కదల్లేదు. నొప్పి ఓర్చుకోవడంలో కూడా అక్కాచెల్లెళ్లు పోటీ పడతారని అప్పుడే తెలిసింది నాకు. సంగతి పొక్కి వీధంతా వచ్చి చేరింది. శెట్టి, ఆయన భార్య ముందు వరసలో ఉన్నారు. శెట్టి వినయంగా ముందుకు వంగి, "ఎస్తేరమ్మక్కా, చాప తెమ్మంటావా?" అని అడిగాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఎన్నాళ్లు కాచుకున్నాడో దేవుడికే తెలియాలి.

"నువ్వు కావాలనే పైకెత్తినావు" అంది జేజి, ముందుకే చూస్తూ. మూడేళ్ల తర్వాత చెల్లెలితో కోపంగా ఆమె అన్న మొదటి మాట అదే.

"కావాలనే ఎత్తినా" అంది చిన్న జేజి. "పెండ్లికి వచ్చినోళ్లంతా ఎస్తేరమ్మ గొంతు, ఎస్తేరమ్మ గొంతు అంటాండ్రి. చిన్నప్పట్నించీ అదే మాట. నా కడుపు మండె. ఎత్తినా. నీ గొంతు ఇరిగిపోయినాక మాత్రం నాకు నవ్వు రాలేదక్కా. ఏడుపొచ్చె. వచ్చి నీతో చెప్పేకి మొగం చెల్లలా."

జేజి చెంగుతో నుదురు తుడుచుకుంది. కొండల మీద పొద్దు ఆనుకుంది. అందరూ ఒకసారి పొద్దు వైపు, ఒకసారి ఆమె వైపు చూస్తున్నారు. పొద్దు దిగిపోతే జేజి చచ్చిపోతుందని నేను నిజంగానే నమ్మాను. తమ్ముడు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు చిన్న జేజి కళ్లు తుడుచుకుని, ఆ పెళ్లిపాటే ఎత్తింది. ఎంత కింద ఎత్తిందంటే, ముందు నిలబడిన వాళ్లకు కూడా సరిగా వినబడలేదు. గొంతు అందనివాళ్లు, ముసలివాళ్లు, జబ్బు మనుషులు కూడా పాడుకోగలిగేంత కింద. పల్లవి ఒకసారి అయింది. రెండోసారి మొదలుపెట్టేలోపల జేజి చెల్లెలి మోకాలి మీద చేయి వేసింది.

"ఏంటికి ఇంత కిందికి? నేనేమన్నా సచ్చిపోయినానా? ఇంగ రోంత పైకెత్తు, అందుకుంటా" అంది.

ఆ పాటకున్న ఆరు చరణాలూ పాడారు, నచ్చినవి రెండుసార్లు. పొద్దు ముణిగింది కూడా ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున ఇద్దరూ నిలబడే కాఫీ తాగారు, కూర్చునే పరిస్థితి లేక. అమ్మ వాళ్లకు వెన్న రాసింది. ఆ వారం ఆసుపత్రికి వెళ్తే పాదరసం దిగి ఉంది. జేజి దేవునికి స్తోత్రం చెప్పింది. డాక్టరు తన మాత్రలే పనిచేశాయని, వాటిని ఆపవద్దని గట్టిగా చెప్పాడు. తమ్ముడు పోస్టు కార్డు వల్లనే అన్నాడు. నాయన మాత్రం ఇంటికి ఉప్పు తిరిగొచ్చినందుకు అందరికన్నా ఎక్కువ సంతోషపడ్డాడు. జేజి ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, మాత్రలు మింగుతూ, పాటలు పాడుతూ. ఆమెను మట్టి చేసిన రోజు పాట ఎత్తింది చిన్న జేజే. ఈసారి చాలా పైకెత్తింది. అందుకోవడానికి ఎవరూ లేకపోవడంతో మధ్యలోనే ఆగిపోయింది.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్ని నాలుగు రోజులు ఫ్రిజ్ మీద అంటించుకుని చూశాను. నడిచాను. ఊపిరి తీసి వదిలాను. ఆ లెక్క కోసం మా అమ్మాయి ఫోన్లో ఏదో పెట్టిచ్చింది. అందులో ఒక ఆడగొంతు, లోపలికి తీసుకోండి, బయటికి వదలండి అని ఆజ్ఞాపిస్తుంటుంది. ఆ గొంతులో చీపురు లేదు, అందుకే నేను లెక్కచేయను. అన్నీ చేసి చివరి వాక్యం దగ్గర ఆగిపోయేదాన్ని. మా జేజి కనీసం దూరం అని సాకు చెప్పుకుంది. కర్నూలు నుంచి బేతంచెర్లకు ఎంత దూరమని చెప్పుకోను? ఐదో రోజు బస్సెక్కాను.

తమ్ముడు తలుపు తీసి, నన్ను చూసి పక్కకు జరిగాడు. జుట్టంతా తెల్లబడింది. వాడు పొడిపట్టి ఇంటికొచ్చిన మా నాయనలా ఉన్నాడు. టైల్స్ మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ, ముందుగా అనుకుని వచ్చిన మాటలన్నీ మరిచిపోయి, "బండ యాడ పెట్టినావురా?" అన్నాను. కర్నూలులో ఎన్నేళ్లున్నా వాడి ముందర నా నోటికి మా ఊరి యాసే వస్తుంది. "రా" అని మిద్దె మెట్లు ఎక్కించాడు. పైన పడమటి వైపు, పిట్టగోడ పక్కన, కొత్త దిమ్మెల మీద ఉంది. విరిగిన మూల కూడా అలాగే ఉంది.

"ఎదురుగా మూడంతస్తులు లేచె కదక్కా. వాకిట్లో మధ్యాహ్నం నుంచే నీడ. ఎండ పడని చోట ఈ బండ ఏంటికి? అందుకని నలుగురం మోసి పైకెక్కిస్తిమి. ఆ నీడ ఈ మూలకు రాదు, వాకిట్లో కన్నా ఈడ ఎక్కువ కాలుతాది" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "ఆ పొద్దు నువ్వు అడగలా. తిట్టి పోతివి. నేను గూడా చెప్పలా. నాకూ మండె. రోజూ సాయంత్రం వచ్చి కూచుంటాండా. ఒక్కడే కూచుంటే పనిచేయలేదక్కా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కూర్చున్నాను. వాడన్నది నిజమే, వాకిట్లో కన్నా ఎక్కువ కాలుతోంది. వాడూ కూర్చున్నాడు. ఇద్దరం అరవై దాటినవాళ్లం, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఎవరు ముందు కదులుతారా అని బిగబట్టుకున్నాం. "తప్పు నాదేరా. కోడలిపిల్ల ముందర అట్ల అనకూడదు. కాఫీ గూడా తాగలేదు" అన్నాను. "తప్పు నాదే. ముందే చెప్పి ఉండల్ల" అన్నాడు. ఇద్దరం ఒకేసారి లేచి, వెనక చీరా పంచె దులుపుకుంటూ నవ్వాం. నా చేతికి అప్పుడు పట్టీ చుట్టి ఉంటే ఏం చూపించేదో నాకు తెలియదు. ఎనిమిది నెలల తర్వాత ఊపిరి ఎక్కడా తగులుకోకుండా కిందిదాకా దిగింది, అది మాత్రం తెలుసు.

కోడలు పైకే కాఫీ తెచ్చిచ్చింది. పిట్టగోడ దగ్గర నిలబడే తాగాం. ఎర్రమల కొండల వెనక పొద్దు పూర్తిగా దిగిపోయింది. తమ్ముడు గ్లాసు గోడ మీద పెట్టి, ఆకాశం వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు.

"అయినా అక్కా, ఆ టైల్స్ గూడా బాగానే ఉండాయి కదా?"

నేనూ పడమర వైపు చూశాను. పొద్దు జాడ లేదు. రేపు సాయంత్రం దాకా గడువుంది.

"ఏం బాగుండాయిరా?" అని కొంగు నడుముకు చుట్టాను.